జల్లెడలో మిగిలినవి

పోయిన వారం మైదా గది తలుపు దగ్గర ఆగాం. అత్త తలుపు తోసింది. లోపల బస్తాల మధ్య కూర్చుని కోడలు పిల్లకు పాలిస్తోంది. పట్టపగలు, సొంత ఇంట్లో, దొంగతనంగా.

ఇప్పుడే చదవడం మొదలుపెట్టినవాళ్ల కోసం నాలుగు మాటలు. ఆ ఇంటివాళ్లది బేకరీ. ముందు కొట్టు, వెనక బట్టీ, పక్కన మైదా గది, మేడమీద కాపురం. కోడలు కడుపుతో ఉన్నప్పుడు బట్టీ ముందే ఫిట్స్ వచ్చి పడిపోయింది. ఆమె ముఖం నిప్పుకు తగలకుండా భర్త చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ చేతి మీద మచ్చ ఇంకా మాయలేదు. కాన్పు కష్టమైతే తల్లినీ పిల్లనూ దక్కించింది వీధి చివర డాక్టరమ్మే. పురుడయ్యాక ఆవిడ గట్టిగా చెప్పింది. మాత్ర రోజూ పడాలి, మానేస్తే ఈసారి మనిషి దక్కదు. మాత్ర పాలల్లోకి దిగుతుంది, కనుక పిల్లకు రొమ్ము ఇవ్వకూడదు. డబ్బా పాలు పట్టండి.

డబ్బా పాలు పట్టారు. పిల్లకు విరేచనాలు పట్టుకున్నాయి. నీళ్లలో వేసిన పిండిముద్దలా చేతుల్లోనే కరిగిపోసాగింది. అప్పుడు కోడలు ఎవరినీ అడగకుండా తేల్చుకుంది. పాలు ఇస్తుంది, మాత్ర మింగదు. ఇంట్లోవాళ్లకు మాత్రం మాత్ర మింగుతున్నట్టు, పిల్ల సీసా తాగుతున్నట్టు చూపించింది. పిల్ల తేరుకుంది. బుగ్గలొచ్చాయి. మెడ నిలిచింది. పొంగిన రొట్టెలా ఉందని తండ్రి దాన్ని 'బన్ను' అని పిలవడం మొదలుపెట్టాడు. మళ్లీ ఒక్కసారి కూడా ఫిట్స్ రాలేదు. తన పాలే తనను కాపాడుతున్నాయని కోడలు లోలోపల నమ్మింది.

ఇక ఆ తలుపు దగ్గర ఏం జరిగిందంటే.

అత్త తిడుతుందని కోడలు కాచుకుని ఉంది. అత్త నోటికి ఆ వీధిలో పేరుంది. పాచిపోయిన రొట్టె అంటగట్టారని దెబ్బలాటకు వచ్చినవాడి చేత ఇంకో రొట్టె కొనిపించి పంపగల మనిషి. కానీ ఆవిడ తిట్టలేదు. తలుపు చెక్క పట్టుకుని, పిల్ల నోటివంకే చూస్తూ నిలబడింది. ఇంకో చేతిలో జల్లెడ ఉంది.

"ఎన్నాళ్ల నుంచి?" అంది. ఆ గొంతు ఆవిడది కానట్టుంది.

"మొదట్నించీ అత్తయ్యా."

"మొదట్నించీ అంటే?"

"విరేచనాలు కట్టినప్పట్నించీ. అవి వాటంతటవే కట్టాయనుకున్నారా?"

"మరి సీసా పాలు? నా ఎదుటే కలుపుతున్నావు కదే."

"మీ ఎదుట కలుపుతున్నా. మీరు అటు తిరగ్గానే పిండి తొట్లో పోస్తున్నా."

అత్త కళ్లు మూసుకుంది. కోడలికి అది కోపంలా కనబడింది. కోపం చల్లార్చే మాట తన దగ్గర ఒకటి ఉంది. ఇన్నాళ్లూ దాచింది ఇలాంటి రోజు కోసమే. పిల్లను ఛాతీకి ఇంకాస్త హత్తుకుని చెప్పింది.

"మీరు భయపడకండి అత్తయ్యా. డాక్టరమ్మ చెప్పిన మందు నా పాలల్లో లేదు. నేను మాత్రలు మింగడం లేదు. మీ అబ్బాయి మీద ఒట్టు. ఒక్కటీ మింగలేదు."

అత్త చినిగిన బస్తా అంచు మీద కూలబడింది. మైదా పైకి లేచి ఆవిడ జుట్టు మీదా, కనుబొమ్మల మీదా పడింది.

"మింగావే," అంది.

"లేదత్తయ్యా."

"మింగావే పిచ్చిదానా. రోజూ మింగావు. నేనే మింగించాను."

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. పొద్దున మొదటి వాయితో పాటు ఇంట్లోవాళ్ల బన్నులూ బట్టీలోకి వెళతాయి. అన్నీ ఒకే ట్రేలో కాలతాయి కాబట్టి ఎవరిది వారికి తెలిసేలా పచ్చిపిండి మీదే కత్తితో గాటు పెడతారు. అత్తది చక్కెర లేనిది, దానికి ఒక గాటు. కొడుకుది ఉప్పుది, దానికి రెండు. కోడలు కాపురానికి వచ్చిన కొత్తలో ఆమెకు గాటంటూ లేదు. మిగిలింది ఏదో తినేది. పురుడయ్యాక అత్త ఒక పొద్దున ఆమె బన్ను మీద కత్తితో అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి గీసింది. వేడివేడిగా చీల్చి, లోపల వెన్నా చక్కెరా దట్టించి, "తిను. నా ఎదుటే తిను. పిల్లకు డబ్బా పాలైనా నీకు వంట్లో సత్తువ ఉండాలిగా," అంది.

అది కాస్త చేదుగా ఉండేది. వెన్న మాడిందేమో అనుకుంది కోడలు. బాలింత నోటికి అన్నీ చేదేనేమో అని కూడా అనుకుంది. ఏదైతేనేం, ఆ ఇంట్లో అత్త ఆమెతో ఆడిన మెత్తటి మాట అదొక్కటే. ముక్క వదలకుండా తినేది. వేలికంటిన చక్కెర కూడా నాకేది.

ఇప్పుడు ఆ బన్ను సంగతే అత్త చెబుతోంది.

"నువ్వు మాత్రలు పారేస్తున్నావని నాకు ఎప్పుడో తెలుసు. ఈ గది ఊడ్చిన పిండి జల్లెడ పడతాను కదా, కాగితం సంచులు అతికించే జిగురుకి. జల్లెట్లో తెల్లగా మిగిలాయి. మొదట పిండి పురుగులనుకున్నా. చేత్తో తీసి చూస్తే మాత్రలు. ఈ చిరుగు బస్తాలోనేగా దోపుతున్నావు?"

కోడలు తల ఊపింది.

"నీతో అంటే ఏడుస్తావు. ఏడిస్తే మళ్లీ ఫిట్స్ వస్తాయనుకున్నా. బట్టీ ముందు నువ్వు కొట్టుకున్న కొట్టుకోవడం నేను చూశానే. ఇంకోసారి చూడలేను. అందుకని నోరు మూసుకుని, జల్లెట్లో దొరికినవి దొరికినట్టు పీట మీద నూరి చక్కెరలో కలిపాను. పిల్ల సీసా తాగుతోంది కదా, దాని జోలికి పోదు కదా అనుకున్నా." ఆవిడ చేతిలోని జల్లెడ కింద పెట్టింది. "నువ్వు దాన్ని తీసుకొచ్చి పిల్లకు పోశావు. మనిద్దరం కలిసి పోశాం."

పిల్ల రొమ్ము వదిలి, అత్త గొంతు వినబడిన వైపు తల తిప్పి, పాలమూతితో నవ్వింది.

ఆ నవ్వు చూసి కోడలు కెవ్వుమంది. పిల్లను రొమ్ము నుంచి లాగేసి దూరంగా పట్టుకుంది. తన ఒంటి నుంచి ఎంత దూరం పట్టుకోవాలో తెలియనట్టు చేతులు చాచి పట్టుకుంది. పిల్ల గుక్కపెట్టింది.

కేకకు భర్త పరిగెత్తుకొచ్చాడు. భుజాల దాకా పిండి, చేతిలో బట్టీ తెడ్డు. "ఏంటి, ఎలకా?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. తల్లి చెప్పింది. పెళ్లాం చెప్పింది. ఇద్దరూ ఒకేసారి చెప్పారు. అతను ముందు అర్థం కానట్టు చూశాడు, తర్వాత తెడ్డు గోడకు ఆనించాడు.

"అయితే ఆ డబ్బా పాలన్నీ పిండిలో పోశావా?"

"పోశా."

"అందుకేనా ఈమధ్య మనం చేసే మిల్క్ బ్రెడ్ మెత్తగా ఉంటోందని అందరూ మెచ్చుకుంటోంది?" ఆ మాట అనేశాక తనమీద తనకే అసహ్యం వేసినట్టు ముఖం తుడుచుకున్నాడు. ముఖం ఇంకా తెల్లబడింది. "పదండి. ఆవిడ దగ్గరికి పదండి. బట్టీలోది మాడితే మాడనీ."

డాక్టరమ్మ ఆసుపత్రి అంటే ఒక గది, ఒక పరదా, పరదా వెనక బల్ల. ఎండవేళ కాబట్టి బెంచీలు ఖాళీగా ఉన్నాయి. మందుల కిటికీలో కాంపౌండరు కునుకుతున్నాడు. రొట్టెలవాళ్లు ముగ్గురూ పిండి గుడ్డలతో లోపలికి రావడం చూసి, "ఏమిటమ్మా, కొట్టుకు సున్నం వేస్తున్నారా?" అన్నాడు. వాళ్ల ముఖాలు చూసి కిటికీలోంచి తల వెనక్కి తీసుకున్నాడు.

డాక్టరమ్మ అంతా విన్నది. కళ్లద్దాలు తీసి చీర కొంగుతో తుడిచి పెట్టుకుంది. మళ్లీ తీసి తుడిచింది.

"ఇటివ్వండి," అంది.

పిల్లను బల్ల మీద పడుకోబెట్టి బట్టలన్నీ ఊడదీసింది. కంట్లో లైటు వేసింది. పిల్ల ముఖం చిట్లించింది. అరచేతిలో వేలు పెట్టింది. పిల్ల బిగించి పట్టుకుంది. చంకల కింద చేతులు వేసి పైకెత్తింది. అరికాలి మీద వేలితో చిటుక్కున కొట్టింది. కాలు లాక్కుని, పిల్ల ఏడుపు అందుకుంది. తూకం బల్ల మీద పెట్టింది. ముల్లు ఊగి ఆగింది. దానివంక చాలాసేపు చూసింది.

"బాగుంది," అంది. తూకంతో చెబుతున్నట్టే చెప్పింది.

"బాగుందంటే?" అన్నాడు తండ్రి.

"బాగుందంటే బాగుంది. బరువు పెరిగింది. చూపు నిలిచింది. ఒళ్లు గట్టిగా ఉంది."

కోడలు పిల్లకు గుడ్డ చుడుతోంది. ఎంత వేసినా ముడి పడలేదు. "ఇన్నాళ్లూ ఆ పాలే తాగింది డాక్టరమ్మా," అంది.

"తెలుసు."

"మాత్ర పడ్డ పాలే."

"తెలుసంటున్నాను కదా!"

పరదా అవతల కాంపౌండరు లేచి నిలబడ్డ చప్పుడైంది. డాక్టరమ్మ గొంతు పెంచడం అతను ఎప్పుడూ విని ఉండడు.

ఆవిడ కుర్చీలో కూర్చుంది. ఒక్కసారిగా వయసు మీదపడ్డట్టు కనబడింది.

"ఇవాళ బాగుంది. రేపూ బాగుంటుందని నేను ఎట్లా చెప్పను? మీరెవరూ చూడనిది నేను చూశాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులు. ఇట్లాగే ఫిట్స్ ఉన్న తల్లి, ఇట్లాగే మందు, ఇట్లాగే పాలు. పిల్లవాడు ఏడవడు, పేచీ పెట్టడు, ఎప్పుడూ నిద్రే. నిద్రపోయే పిల్లవాడు బంగారం అని ఇంటిల్లిపాదీ మురిసిపోయారు. మురుస్తూ మురుస్తూనే ఒక పొద్దున నా దగ్గరికి తెచ్చారు. వాడిని నేను లేపలేకపోయాను." ఆవిడ బల్ల మీద చెయ్యి బోర్లా పెట్టింది. "అందుకే చెబుతున్నాను. ఈ క్షణం నుంచి పాలు ఆపు. మాత్ర వేసుకో. సీసా పట్టు. నీళ్లు బాగా మరగబెట్టు, సీసా మరగబెట్టు, విరేచనాలైతే మందు నేనిస్తాను."

"ఆ పిల్లవాడి తల్లి వేసుకున్నదీ ఈ మాత్రేనా?" అని అడిగింది కోడలు.

డాక్టరమ్మ కళ్లద్దాలు మళ్లీ తీసింది.

"కాదు. అది వేరే మందు. ఆ రోజుల్లోది."

"మరి?"

"మరీ లేదు, గిరీ లేదు. ఈ మందు గురించి ఇప్పటివాళ్లు ఏమంటున్నారో నాకు పూర్తిగా తెలియదు. పెద్దాసుపత్రిలో నరాల డాక్టరున్నాడు, ఇప్పుడే ఫోన్ చేస్తాను. కానీ నాకు తెలియనిదాన్ని పిల్ల నోట్లో పెట్టమని మాత్రం చెప్పను. నువ్వు ఏడ్చినా చెప్పను, తిట్టినా చెప్పను."

ఫోన్ చేసింది. అటువైపు ఎవరో ఆయన వార్డుల్లో ఉన్నాడని, సాయంత్రానికి గాని దొరకడని చెప్పారు. ఆవిడ తన పేరు, ఊరు, మాత్ర పేరు గట్టిగా చెప్పి, వచ్చీరాగానే చేయమని చెప్పి పెట్టేసింది.

"సాయంత్రం దాకా ఆగలేవా?" అంది.

"నేనాగుతా. అది ఆగదు," అంది కోడలు. పిల్ల అప్పటికే పిడికిలి నోట్లో కుక్కుకుంటోంది. "సీసా నోట్లో పెడితే నాలుకతో నెట్టేస్తోంది. మొదట్లో మీరు చెప్పినట్టు బలవంతాన పట్టాం. అప్పుడు దీని కాళ్లు ఎట్లా ఉండేవో మీరు చూశారు. నా వేలంత లావు లేవు. దీని పేగులు మళ్లీ ఆ పాలు పడితే ఓర్చుకుంటాయని చెప్పగలరా?"

"చెప్పలేను. ఓర్చుకోకపోతే వైద్యం చేస్తానంటున్నాను."

"నా పాలు ఒకసారి ఎండిపోతే మళ్లీ రప్పించే వైద్యం ఉందా?"

డాక్టరమ్మ ఫోన్ వంక చూసింది.

"మాత్ర వేసుకుంటాను డాక్టరమ్మా. ఇకనుంచి దాచను, పారేయను. మీరన్నది నిజమే, అది లేకపోతే నేను ఏ బట్టీలోనో పడి ఉండేదాన్ని. నా పాలే నన్ను కాపాడుతున్నాయని మిడిసిపడ్డాను. కాదు, అత్తయ్య కాపాడింది." ఆమె గుక్క తిప్పుకుంది. "పాలు కూడా ఇస్తాను."

"రెండూనా?"

"రెండూ. ఇన్నాళ్లూ జరిగిందదే. తెలియక జరిగింది. ఇప్పుడు తెలిసి చేస్తాను."

"ఇన్నాళ్లు రోడ్డుకి అడ్డం పడి పరిగెత్తినా లారీ గుద్దలేదు కాబట్టి ఇకముందూ పరిగెడతానంటావా!" డాక్టరమ్మ లేచి నిలబడింది. భర్త వైపు తిరిగింది. "ఏమయ్యా, నువ్వు మాట్లాడవేం?"

అతను మచ్చ పడ్డ చేతిని ఇంకో చేత్తో పట్టుకుని నేలచూపులు చూశాడు. "నాకు ఇద్దరూ కావాలి," అన్నాడు.

ఆవిడ అత్త వైపు తిరిగింది. "నువ్వు చెప్పమ్మా. నీ చేతుల మీద ఎంత సంసారం నడిచింది. నా మాట నువ్వెప్పుడూ కాదనలేదు. నీ కోడలికి నువ్వు చెప్పు."

అది నిజమే. డాక్టరమ్మ మాట అంటే అత్తకు దేవుడి మాట. ఉప్పు మానమంటే మానింది, చక్కెర మానమంటే మానింది. మొగుడు పోయిన రోజున కూడా ఆవిడ చెయ్యి పట్టుకునే ఏడ్చింది. కోడలు ఇక్కడితో అయిపోయిందనుకుంది. పిల్లను ఎత్తుకుని బయటికి నడిచిపోవాలంటే గుమ్మంలో నిలబడ్డది అత్తే.

అత్త కొంగు చివర ముడి వేసింది, విప్పింది.

"డాక్టరమ్మా, నాకు చదువు లేదు," అంది. "మీరు చెప్పారని సీసా పట్టాను. పిల్ల పీనుగలా అయింది. మీరు చెప్పారని మాత్ర తినిపించాను. కోడలు నిలబడింది. మీ మాట ఒక పక్క నిలిచింది, ఒక పక్క నిలవలేదు. రెండో పక్క ఏంటో మీకే తెలియదంటున్నారు. మీకే తెలియనిది నేనేం చెప్పను? ఇన్నాళ్లూ దీని వెనక నిలబడి, దీనికి తెలియకుండా దీని నోట్లో మందు పెట్టాను. అది తప్పో ఒప్పో. ఇవాళ మాత్రం దీనికి తెలిసేట్టే నిలబడతాను. ఇస్తానంటోంది. ఇవ్వనీయండి."

డాక్టరమ్మ ముఖం ఎర్రబడింది. కోపమో, ఇంకేదో. చేత్తో గుమ్మం చూపించింది.

"పొండి. ఇక నేనెందుకు మీకు? పొండి."

వాళ్లు పరదా దాటారు. వెనక నుంచి మళ్లీ ఆవిడ గొంతే వినబడింది. "ఆగండి." పరదా పట్టుకుని నిలబడి ఉంది. "దాని నిద్ర చూడండి. ఆకలివేళకు లేవకపోయినా, లేపినా కళ్లు తెరవకపోయినా, నోట్లో పెట్టినా చప్పరించకపోయినా, నా దగ్గరికి పరిగెత్తుకు రండి. నా మీద కోపాలూ పంతాలూ మీ కొట్లో పెట్టి తాళం వేసి రండి. విన్నారా?"

"విన్నాం," అంది అత్త.

కొట్టుకు వచ్చేసరికి ట్రే నిండా బన్నులు బొగ్గులై ఉన్నాయి. ఆ వాసన ఇల్లంతా పట్టింది. భర్త వాటిని డబ్బాలోకి ఒంపాడు.

ఆ పొద్దున గొడవలో కోడలు తన బన్ను తినలేదు, అంటే ఆ రోజు మాత్ర ఇంకా పడలేదు. అత్త మేడమీదికి వెళ్లి మాత్రల అట్ట తెచ్చింది. ఒకటి తీసి అరచేతిలో పెట్టుకుంది. నూరలేదు. చక్కెర తేలేదు. గ్లాసుతో నీళ్లు మాత్రం తెచ్చింది.

కోడలు దాన్నే చూస్తూ ఉండిపోయింది. ఇన్నాళ్లూ మింగింది అదే. అయినా ఇవాళ దాన్ని చూస్తే ఒళ్లు జలదరించింది. తెలియకుండా మింగినప్పుడు అది చక్కెరలో కాస్త చేదు. ఇప్పుడు ఆ తెల్లటి బిళ్లలో డాక్టరమ్మ చెప్పిన పిల్లవాడు నిద్రపోతూ కనబడుతున్నాడు.

"భయంగా ఉందా?" అంది అత్త.

"ఉంది."

"నాకూ ఉందే. దీన్ని ఇంకో గంట ఏడవనిచ్చి ఆలోచిద్దామా?"

పిల్ల ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. కోడలు మాత్ర నాలుక మీద వేసుకుని నీళ్లు తాగింది. మైదా గదిలోకి వెళ్లలేదు. కొట్లోనే, రొట్టెలు కాగితంలో చుట్టే బల్ల పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, పిల్లను రొమ్ముకు పెట్టుకుంది. భర్త షట్టరు సగం దించాడు. అత్త షట్టరు ముందు అడ్డంగా నిలబడింది.

రొట్టె కోసం వచ్చిన పక్కకొట్టు టైలరు వంగి లోపలికి చూడబోయాడు. "ఏంటి పిన్నీ, అప్పుడే కట్టేస్తున్నారా?"

"లోపల ఒకటి పొంగుతోంది. చల్లగాలి తగిలితే అణిగిపోతుంది. అరగంటాగి రా, లేదంటే నిన్నటివి ఇస్తా."

"నిన్నటివి నువ్వే తిను," అంటూ వెళ్లిపోయాడు.

లోపల పిల్ల గుటకలు వేస్తున్న చప్పుడు వినబడింది. కోడలి భుజాలు కిందికి జారాయి. పొద్దున్నుంచి అంత సుఖమైన చప్పుడు ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. కడుపు నిండాక పిల్ల తలవాల్చింది. పిండి బల్ల పక్కన పాత మైదా బస్తా గుడ్డలతో కుట్టిన బొంత మీద పడుకోబెట్టారు.

షట్టరు ఎత్తారు. సాయంత్రం వాయి మొదలైంది. స్కూలు పిల్లలొచ్చారు, ఆఫీసులవాళ్లొచ్చారు. కోడలు రొట్టెలు కాగితంలో చుడుతూనే ఒక కన్ను బొంత మీద వేసి ఉంచింది. పిల్ల ఛాతీ లేస్తోంది, దిగుతోంది. అంతవరకు బాగానే ఉంది.

గిరాకీ పలచబడింది. ఎదురుగోడ మీద ఎండ పైకి పాకి పోయింది. కోడలికి రవిక తడిసింది. పాలు చేపుకొచ్చాయి. ఆ వేళకు పిల్ల ఎప్పుడూ లేచి కాళ్లు తన్నుతూ ఉంటుంది. ఆమె కాగితం వదిలేసి వంగి చూసింది.

"బన్నూ."

పిల్ల కదలలేదు.

"పడుకోనీ," అన్నాడు భర్త బట్టీ దగ్గర నుంచి. "పొద్దున్నుంచి ఏడ్చిందిగా, అలిసిపోయింది."

"ఆకలివేళ అయిందండీ."

"నాకు అలసటగా ఉంటే నేను అన్నానికి లేస్తానా?"

అతను మామూలుగా అనబోయాడు గాని మాట మధ్యలోనే తెడ్డు పక్కన పెట్టి వచ్చేశాడు. కోడలు పిల్ల అరికాలి మీద వేలితో కొట్టింది, డాక్టరమ్మ కొట్టినట్టే. కాలు కొద్దిగా కదిలింది. మళ్లీ జారిపోయింది. ఇంకాస్త గట్టిగా కొట్టింది. కనురెప్పలు వణికాయి, తెరుచుకోలేదు.

"తడిగుడ్డ తెస్తానుండు," అంటూ అత్త పరిగెత్తింది. తడిగుడ్డతో నుదురు తుడిచింది, మెడ తుడిచింది. పిల్ల సన్నగా మూలిగి, తల పక్కకు వాల్చింది. కోడలు ఒళ్లోకి తీసుకుని రొమ్ము పెదాలకు తాకించింది. పెదాలు తెరుచుకోలేదు. పాలచుక్క బుగ్గమీదుగా జారి చెవిలోకి వెళ్లింది. తుడవాలని కూడా ఎవరికీ తోచలేదు.

"ఊపిరి తీస్తోంది," అన్నాడు భర్త. "తీస్తోంది కదా? అమ్మా, తీస్తోంది కదా?"

"తీస్తోందిరా. చెప్పులేసుకో. నడవండి."

వాళ్లు గుమ్మం దాకా కూడా రాలేదు. ఎదురుగా డాక్టరమ్మ వస్తోంది. ఆవిడ ఆసుపత్రి వదిలి ఆ వేళప్పుడు వీధిలో నడవడం ఎవరూ చూడలేదు. కళ్లద్దాలు చేతిలో ఉన్నాయి. చెమటకు జుట్టు నుదుటికి అంటుకుపోయింది. వెనక కాంపౌండరు సంచీ పట్టుకుని ఒగరుస్తున్నాడు.

ఆవిడ కొట్టు మెట్టెక్కి, రొట్టెల గాజుబీరువా పట్టుకుని ఆయాసం ఆపుకుంది.

"నరాల డాక్టరు ఫోన్ చేశాడు," అంది. "మాత్ర వేసుకున్నావా?"

"వేసుకున్నాను."

"పాలిచ్చావా?"

"ఇచ్చాను."

డాక్టరమ్మ నోరు తెరిచింది. ఆవిడ ముఖంలో ఏముందో చదివే తీరిక కోడలికి లేదు. రెండు చేతులా పిల్లను ఎత్తి ఆవిడ ఛాతీ మీద పెట్టింది.

"ఆయన ఏమన్నాడో తర్వాత చెబుదురుగాని. ముందు దీన్ని లేపండి."